కంట్లో సిర మూసుకుపోతే: యాంటీ-వీఈజీఎఫ్ ఇంజెక్షనా, స్టెరాయిడ్ ఇంప్లాంటా?

కంట్లో సిర బ్లాకై మాక్యులాలో (రెటీనా మధ్యలో, సూటి చూపునిచ్చే చోట) నీరు చేరిందని తెలియగానే అందరూ అడిగే ప్రశ్న ఇది. ఖర్చెంత, ఎన్నిసార్లు తిరగాలి అన్నవి చూసి చాలామంది తేల్చేస్తారు. నన్నడిగితే అవి తర్వాతి మాటలు. ఆ వాపును ఇప్పుడు ఏ ప్రొటీన్లు నడుపుతున్నాయన్నదే ముందు చూడాలి.

సిర మూసుకున్న చోట ఆక్సిజన్ అందదు. మామూలుగా పుట్టిన కాసేపటికే విరిగిపోయే హెచ్ఐఎఫ్-1 ఆల్ఫా అనే ప్రొటీన్ అప్పుడు నిలిచిపోయి, వీఈజీఎఫ్ (కొత్త రక్తనాళాలు మొలిపించి, ఉన్నవాటిని కారేలా చేసే ప్రొటీన్) తయారీని పెంచుతుంది. నాళాల గోడలో కణానికీ కణానికీ మధ్య సందు లేకుండా బిగించే ఆక్లూడిన్, జెడ్ఓ-1 ప్రొటీన్లు దీంతో సడలిపోతాయి. ఆ సందుల్లోంచి ఆల్బుమిన్, ఫైబ్రినోజన్ అనే రక్త ప్రొటీన్లు రెటీనాలోకి కారతాయి, వాటి వెంట నీరూ వస్తుంది. ఆ నీటిని తోడేయాల్సిన ముల్లర్ కణాలూ (రెటీనాకు ఆసరాగా ఉండే కణాలు) సరిగా పనిచేయవు: సిర మూసిన ఎలుకల్లో, నాళాల చుట్టూ ఉండాల్సిన కిర్4.1 అనే పొటాషియం చానల్ చెదిరిపోయి కనిపించింది. ఇంకోపక్క ఐఎల్-6, ఎంసీపీ-1, ఐకామ్-1 అనే వాపు ప్రొటీన్లు పెరిగి, తెల్ల రక్తకణాలు నాళాలకు అంటుకుంటాయి. అది ఇన్‌ఫ్లమేషన్ దారి.

బెవాసిజుమాబ్ (1.25 మి.గ్రా.), రానిబిజుమాబ్ (0.5), అఫ్లిబెర్సెప్ట్ (2) మొదటి దారికి, అంటే వీఈజీఎఫ్‌కి, అడ్డం పడతాయి. అయితే తయారైన వీఈజీఎఫ్‌ను పట్టుకుంటాయే తప్ప తయారీని ఆపవు, మూసుకున్న సిరను తెరవవు. కుళాయి కట్టకుండా నీళ్లు ఎత్తిపోసినట్టే. అందుకే గడువు దాటితే వాపు తిరిగొస్తుంది. కంట్లో ఉంచే డెక్సామెథసోన్ 0.7 మి.గ్రా. స్టెరాయిడ్ గుళిక (ఇంప్లాంట్) ఐఎల్-6, ఎంసీపీ-1లతో పాటు వీఈజీఎఫ్ తయారీనీ తగ్గిస్తుంది.

మరి ముందే స్టెరాయిడ్ ఎందుకు వేయరు? కొత్తలో వీఈజీఎఫ్ పోటు ఎక్కువ. రెటీనా ప్రధాన సిర మూసుకుని (సెంట్రల్ బ్లాక్) రక్త ప్రసరణ బాగా తగ్గినప్పుడు సుమారు మూడు నెలలకే ఐరిస్ మీద కొత్త నాళాలు మొలిచి గ్లకోమా రావచ్చు. అక్కడ నేరుగా వీఈజీఎఫ్‌ను పట్టే మందే మేలు. పైగా ఇంప్లాంట్‌తో కంటి ఒత్తిడి పెరుగుతుంది: 2010లో వెలువడిన జెనీవా ట్రయల్‌లో (ఈ ఇంప్లాంట్‌ను పరీక్షించిన అధ్యయనం) 60వ రోజుకి దాదాపు 16 శాతం మందిలో అది 25 మి.మీ. పాదరసం లేదా అంతకన్నా ఎక్కువ ఉంది. శుక్లమూ త్వరగా ముదురుతుంది. లెన్స్ వెనక పొర చిరిగిన కంట్లో అసలు వేయకూడదు. గుళిక ముందుకు జారి కార్నియాను పాడుచేస్తుంది.

కాబట్టి నా ఓటు మొదట యాంటీ-వీఈజీఎఫ్‌కే. నెలకొకటి చొప్పున వేస్తూ, ప్రతిసారీ ఓసీటీ (రెటీనా పొరల్ని చూపే స్కాన్) తీయాలి. మూడు నుంచి ఆరు ఇంజెక్షన్ల తర్వాత కూడా మాక్యులా మందం పెద్దగా తగ్గకపోతే అదే మందు కొనసాగించడంలో అర్థం లేదు, వాపును ఇప్పుడు ఇన్‌ఫ్లమేషన్ నడుపుతోందేమోనని అనుమానించాలి. ఓసీటీలో రెటీనా కింద నీరు, మెరిసే చుక్కలు ఉంటే ఆ అనుమానం బలపడుతుంది, రుజువు కాదు గానీ. కంటి ముందు గదిలోంచి 0.1 మి.లీ. నీరు తీసి ప్రొటీన్లు కొలవొచ్చు, కానీ రోజువారీ వైద్యంలో ఎవరూ చేయరు.

శుక్లం ఆపరేషన్ అయి గ్లకోమా లేనివాళ్లకి, ఈమధ్యే పక్షవాతమో గుండెపోటో వచ్చినవాళ్లకి స్టెరాయిడే ముందు ఆలోచించొచ్చు.

లేజర్ ఇప్పుడు వెనకవరస మాట. ట్రయామ్సినలోన్ అనే మరో స్టెరాయిడ్ చవక, కంటి ఒత్తిడి బెడద ఎక్కువ. ఫారిసిమాబ్ వీఈజీఎఫ్‌తో పాటు నాళాలను సడలించే యాంగ్-2 ప్రొటీన్‌నూ పట్టుకుంటుంది, ధరే అడ్డం.

ఇంప్లాంట్ వేయించుకున్నవాళ్లు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య కంటి ఒత్తిడి తప్పనిసరిగా చూపించుకోవాలి. చూపు బాగానే ఉందని ఆ విజిట్ మానేస్తే, పెరిగిన ఒత్తిడి నొప్పి లేకుండానే కంటి నరాన్ని (ఆప్టిక్ నర్వ్) తినేస్తుంది.