పులిసిన పిండి: యూదులకు ఒకలా, క్రైస్తవులకు ఇంకోలా

ఈజిప్టు బానిసత్వం నుంచి విడుదలను గుర్తుచేసుకునే పస్కా పండగలో పులిసినది ఇంట్లో ఉండకూడదు, అందుకే ముందు రాత్రి సంప్రదాయం పాటించే యూదులు కొవ్వొత్తి, ఈక, చెక్క గరిటె పట్టుకుని ఇంట్లో మూలమూలలా పులిసిన రొట్టె ముక్కల కోసం వెతుకుతారు, దొరికినవి మర్నాడు పొద్దున్నే కాల్చేస్తారు. వాళ్ల పూర్వీకులు ఈజిప్టు నుంచి బయల్దేరినప్పుడు పిండి పులిసేదాకా ఆగే టైమ్ లేదు, ఆ జ్ఞాపకమే ఇది. పొంగే పిండిని అహంకారంతో పోల్చింది తర్వాతి రబ్బీలు (యూదు మతగురువులు). అలాగని పులిసినదంతా పాపమేం కాదు, పండగ అయ్యాక మళ్లీ మామూలే, పైగా పస్కా తర్వాత ఏడు వారాలకు వచ్చే పంట పండగ షావుఓత్‌కి ఆలయంలో అర్పించిన రెండు రొట్టెలూ పులిసినవే.

క్రైస్తవంలో రెండు మాటలూ వినిపిస్తాయి. పరిసయ్యులనే యూదు మతవర్గం వాళ్ల పులిసిన పిండితో, అంటే వాళ్ల వేషధారణతో, జాగ్రత్త అన్న యేసే, ఒక స్త్రీ మూడు కుంచాల పిండిలో దాచిన పుల్లని పిండితో పరలోకరాజ్యాన్ని పోల్చాడు, పస్కా చేసుకునే జనం ముందు అది నిజంగా తెగువే. తొలి క్రైస్తవ బోధకుడు పౌలేమో పాత పులిసిన పిండి తీసిపారేయండి అంటాడు. రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరా గొడవే: రోమన్ కేథలిక్కులది పులియని రొట్టె, గ్రీకు ఆర్థడాక్స్ వాళ్లది పులిసింది, ఈ రెండు సభలూ విడిపోవడానికి దారితీసిన 1054 నాటి తగాదాల్లో ఇదీ ఒకటి.