చర్చి ఆధ్వర్యంలోని స్కౌట్ ట్రూప్‌లో వాలంటీరుగా పనిచేయడం: ఒక తండ్రి సమీక్ష

డాలస్ చుట్టుపక్కల స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు పిల్లలను స్కౌట్స్‌లో చేర్పించే ముందు అడిగే ప్రశ్నలు సాధారణంగా మూడే: ఖర్చెంత, వారంలో ఎన్ని సాయంత్రాలు పోతాయి, కాలేజీ దరఖాస్తులో స్కౌట్స్‌లో అత్యున్నత హోదా అయిన ఈగిల్ స్కౌట్ అన్న మాటకు విలువ ఉంటుందా. పిల్లలు చేరే స్థానిక దళాన్ని, అంటే ట్రూప్‌ను, ఏ చర్చి నడుపుతోంది, పెద్దలుగా ఎవరిని అనుమతించాలో నిర్ణయించేది ఎవరు అన్న నాలుగో ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. మా అబ్బాయి చిన్నపిల్లల విభాగంలో కబ్ స్కౌట్‌గా చేరినప్పటి నుంచి ఈగిల్ అయ్యేదాకా, ఆ తరవాత మా అమ్మాయి ట్రూప్‌లోనూ, నేను వాలంటీరుగా ఉన్నాను. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ నాలుగో ప్రశ్న గురించే, ఎందుకంటే మిగిలిన మూడింటికి జవాబులు ఎవరిని అడిగినా దొరుకుతాయి.

ముందుగా ఏర్పాటు ఎలా ఉంటుందో చెప్పాలి. నేడు స్కౌటింగ్ అమెరికా అని పిలుస్తున్న బాయ్ స్కౌట్స్ ఆఫ్ అమెరికా జాతీయ కార్యాలయం మన వాళ్లు కిరాణా సామాను కొనుక్కునే ఇర్వింగ్ నగరంలోనే ఉంది. అయితే పిల్లలు వెళ్లే ట్రూప్‌ను జాతీయ సంస్థ నేరుగా నడపదు. ఒక చర్చి, క్లబ్బు లేదా మరో స్థానిక సంస్థ చార్టర్ (ట్రూప్ నడిపే అధికార పత్రం) తీసుకుని, గది ఇచ్చి, నాయకులను ఎంపిక చేసి, వాళ్ల దరఖాస్తులపై సంతకం చేస్తుంది. 2013 నాటికి ఇలాంటి యూనిట్లలో దాదాపు 70 శాతం మత సంస్థల ఆధ్వర్యంలోనే ఉండేవి. మా ట్రూప్ కూడా అలాంటిదే. శివారులోని ఒక పెద్ద ప్రొటెస్టెంట్ చర్చి ఫెలోషిప్ హాల్లో సోమవారం సాయంత్రాలు సమావేశమయ్యేది.

హిందూ కుటుంబంగా మాకు ఇబ్బంది ఎదురవుతుందేమోనని మా ఆవిడ మొదట్లో సందేహించింది. ఆ విషయంలో ట్రూప్‌కు పూర్తి మార్కులు వేస్తాను. చార్టర్ తీసుకున్న చర్చి తన మతాచారాల్లో పాల్గొనమని ఇతర మతాల పిల్లలను బలవంతపెట్టకూడదని సంస్థ నిబంధనల్లోనే ఉంది, మా దగ్గర దాన్ని తూచా తప్పకుండా పాటించారు. ఫిబ్రవరిలో వచ్చే స్కౌట్ సండే రోజున పిల్లలు యూనిఫాంలో చర్చికి వెళ్లే ఆనవాయితీ ఉన్నా, మా వాడు ఒకసారి స్నేహితుల కోసం వెళ్లాడు, తరవాత మానేశాడు, ఎవరూ ఏమీ అనలేదు. హిందూ పిల్లల కోసం ఉన్న ధర్మ, కర్మ అనే మత పతకాల గురించి మాకు మొదట చెప్పింది ఆ చర్చి సభ్యుడే. క్యాంపుల్లో శాకాహారం సంగతి మాత్రం ప్యాట్రోల్ అనే పిల్లల చిన్న బృందానికే వదిలేస్తారు కాబట్టి, వంట బాధ్యత మీ వాడికి వచ్చేదాకా చీజ్ శాండ్‌విచ్‌తో సరిపెట్టుకోవలసి వస్తుంది. మా వాడు డచ్ అవెన్ అనే బరువైన ఇనుప గిన్నెలో రాజ్మా వండడం నేర్చుకున్నాక ఆ సమస్య తీరిపోయింది.

పిల్లల భద్రత కోసం పెట్టిన నియమాలు నాకు ఈ సంస్థలో అన్నిటికన్నా నచ్చిన అంశం. పెద్దవాళ్లెవరైనా ముందు పిల్లల రక్షణ శిక్షణ పూర్తి చేయాలి, ప్రతి కార్యక్రమంలో నమోదైన పెద్దలు కనీసం ఇద్దరుండాలి, ఏ పెద్దా ఏ పిల్లవాడితోనూ ఒంటరిగా ఉండకూడదు. ఒకసారి క్యాంపులో ఒక కుర్రవాడి మడమ మెలిక పడితే, పార్కింగ్ స్థలం కనుచూపు మేరలోనే ఉన్నా, అతన్ని కారు దాకా తీసుకెళ్లడానికి నిద్రపోతున్న ఇంకో నాయకుణ్ణి లేపవలసి వచ్చింది. అప్పుడు చాదస్తంగా అనిపించిన నియమం వెనక ఎంత విషాదముందో ఆ తరవాత కోర్టు కాగితాలే చెప్పాయి. 2020 ఫిబ్రవరిలో సంస్థ దివాలా రక్షణ కోరినప్పుడు, దశాబ్దాల నాటి లైంగిక వేధింపులపై 82 వేలకు పైగా క్లెయిములు దాఖలయ్యాయి; 246 కోట్ల డాలర్ల పరిష్కార ప్రణాళిక 2023 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. మన పిల్లలను ఎవరి చేతికి అప్పగిస్తున్నామో తెలుసుకోవాలంటే ఈ చరిత్ర తెలిసి ఉండాలి.

ఇక అసలు విభేదం. స్వలింగ సంపర్కులను నాయకులుగా తిరస్కరించే హక్కు సంస్థకు ఉందని 2000 సంవత్సరంలో అమెరికా సుప్రీంకోర్టు, న్యూజెర్సీకి చెందిన సహాయ స్కౌట్‌మాస్టర్ (ట్రూప్ ఉపనాయకుడు) జేమ్స్ డేల్ కేసులో, 5-4 ఆధిక్యంతో తీర్పిచ్చింది. 2013 మేలో జాతీయ మండలి పిల్లల విషయంలో ఆ నిషేధాన్ని ఎత్తివేసింది. 2015 జూలైలో జాతీయ కార్యనిర్వాహక బోర్డు పెద్దల విషయంలోనూ తొలగించింది కాని, చర్చిలు నడిపే యూనిట్లు తమ విశ్వాసానికి తగినట్టుగా నాయకులను ఎంచుకోవచ్చని ఒక తలుపు తెరిచే ఉంచింది. ఈ రాజీ కాగితం మీద తెలివైనదే. సంస్థ చీలిపోకుండా కాపాడుకుంది, చర్చిలు తమ మాట నెగ్గించుకున్నాయి. తేల్చుకోవలసిన బరువు మాత్రం సోమవారం సాయంత్రం మడత కుర్చీల్లో కూర్చునే మా లాంటి తల్లిదండ్రుల నెత్తిన పడింది.

ఆ బరువు మా ట్రూప్‌కు ఒక దరఖాస్తు రూపంలో వచ్చింది. మా అబ్బాయి స్నేహితుడి ఇద్దరు తల్లుల్లో ఒకామె సహాయ స్కౌట్‌మాస్టర్‌గా పనిచేస్తానని ముందుకొచ్చింది. మహిళలు ఆ పదవుల్లో ఉండడం 1988 నుంచి మామూలే. పైగా ఆమె వృత్తిరీత్యా అత్యవసర విభాగం నర్సు, మా అందరికన్నా బాగా టెంట్లు వేయగలదు. దరఖాస్తు మీద చివర చర్చి ప్రతినిధి సంతకం చేయవలసిన గీత ఒకటి ఉంటుంది. మా చర్చి ప్రతినిధి విశ్రాంత ఇంజనీరు. ట్రూప్ ట్రైలర్ ఇరుసు తన డబ్బుతో బాగుచేయించినవాడు, తండ్రి లేని ఒక కుర్రవాడికి బూట్లు కొనిచ్చి ఎవరికీ చెప్పనివాడు. ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులతో సరిగ్గా మడిచి, బల్ల మీద ఆమె వైపు తోసి, "ఇది మా చర్చి అంగీకరించేది కాదమ్మా, క్షమించు" అన్న అర్థం వచ్చే మాట మెల్లగా అన్నాడు. ఆయన గొంతులో ద్వేషం లేదు. అందుకే దాన్ని తిప్పికొట్టడం మాకు మరింత కష్టమైంది.

ట్రూప్ కమిటీలో నేను ఆయనతో వాదించాను. పిల్లలకు ధైర్యం, దయ నేర్పే స్కౌట్ నియమావళిలోని పన్నెండు సూత్రాలలో ఈమె దేనికి తగదో చెప్పమని అడిగాను. ఆయన జవాబు సూటిగానే ఉంది: చర్చి తన గదిని, తన పేరును ఇస్తున్నప్పుడు తన నమ్మకాన్ని ఇంట్లో వదిలి రాజాలదు. ఆ తర్కం నాకు అర్థమైంది, ఇప్పటికీ ఒప్పుకోను. ఒక చర్చి తన బోధకులను తన నమ్మకం ప్రకారం ఎంచుకోవడం వేరు, బడి నుంచి వచ్చిన అన్ని మతాల పిల్లలకు ముడులు, ప్రథమ చికిత్స నేర్పేవాళ్లను అదే జల్లెడ పట్టడం వేరు. పిల్లలకు తెరిచిన తలుపును వాళ్ల అమ్మల ముఖాన మూస్తే, ఆ పిల్లవాడు స్కౌట్ ప్రమాణం చదువుతున్నప్పుడు ఏం అనుకోవాలి?

మేము కొందరం వదిలి వెళ్లాలనుకున్నాం. రెండు కుటుంబాలు వెళ్లిపోయాయి కూడా. నేను ఉండిపోవడానికి కారణం మా అబ్బాయి ఈగిల్ బ్యాడ్జి కాదని చెబితే మీరు నమ్మనక్కరలేదు, అది ఒక కారణమే. కాని ఉన్నన్నాళ్లూ రెండు పనులు చేశాను: ఏటా కుటుంబాల దగ్గర సేకరించే విరాళం ఇవ్వడం మానేసి, ఎందుకు మానేశానో మా ప్రాంతపు ట్రూపులను చూసే స్థానిక మండలికి లేఖ రాశాను, ఆ తల్లిని ప్రతి క్యాంపుకూ తల్లి హోదాలో పిలిచాను. అప్పట్లో నమోదు కాని తల్లిదండ్రులు వారాంతపు క్యాంపుకు రావచ్చు. ఆమె వచ్చింది, వండింది, కాలిన చేతులకు కట్లు కట్టింది, భుజం మీద నాయకురాలి పట్టీ మాత్రం లేదు. 2023 సెప్టెంబరు నుంచి ట్రూప్ క్యాంపుల్లో రాత్రి బస చేసే పెద్దలందరూ నమోదు కావలసిందేనన్న నియమం వచ్చింది కాబట్టి, ఇలాంటి పక్క దారి ఇప్పుడు ఎవరికీ లేదు.

దేవుడి విషయంలోనూ ఒక మాట చెప్పాలి. ప్రమాణంలో దేవుని పట్ల కర్తవ్యం ఉంటుంది. దేవుడి పట్ల బాధ్యతను గుర్తించనివాడు ఉత్తమ పౌరుడు కాలేడని సంస్థ తన మత సూత్రాల ప్రకటనలో రాసుకుంది. ఏ దేవుడో అడగరు, ఏ దేవుడూ లేడంటే మాత్రం దారి లేదు. మన దగ్గర భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ప్రతిజ్ఞలో దేవుడికి బదులు ధర్మం అని పలికే వెసులుబాటు ఉంది. గోరా కుటుంబం విజయవాడలో నడిపిన నాస్తిక కేంద్రం సేవను చూసి పెరిగిన తెలుగువాళ్లకు, నమ్మకం లేనివాడు మంచి పౌరుడు కాలేడనడం వింతగానే తోస్తుంది. మా మిత్రుడొకడు తన కొడుకుతో అబద్ధం చెప్పించలేక, హోదా పెంచే ముందు జరిగే ముఖాముఖి, బోర్డ్ ఆఫ్ రివ్యూ, దాకా రాకముందే మాన్పించాడు. అది సరైన నిర్ణయమేనని నా అభిప్రాయం.

మా చర్చిలో వివాదం చివరికి ఎలా ముగిసిందంటే, బైబిలుతోనూ కాదు, మా వాదనతోనూ కాదు, చట్టపరమైన బాధ్యత భయంతోనే. దివాలా కేసులో చార్టర్ తీసుకున్న చర్చిల బాధ్యత ఎంతన్న ప్రశ్న లేచాక, చాలా చర్చిలు, ముఖ్యంగా యునైటెడ్ మెథడిస్టు చర్చిలు, చార్టర్‌ను వదులుకుని, గది వాడుకునే ఒప్పందానికి మారాయి. మా చర్చి న్యాయవాది కూడా అదే సలహా ఇచ్చాడు. చార్టర్ స్థానిక మండలి చేతికి వెళ్లింది, చర్చి అద్దె లేని యజమానిగా మిగిలింది, దరఖాస్తు మీద ఆ సంతకపు గీతకు చర్చితో పని లేకుండా పోయింది. విశ్రాంత ఇంజనీరుగారు ఇప్పటికీ తాళాలు తెరుస్తారు, కాఫీ పెడతారు. ఆ తల్లి కొడుక్కి అప్పటికే పద్దెనిమిదేళ్లు దాటాయి, ఆమె తిరిగి దరఖాస్తు చేయలేదు.

2019 ఫిబ్రవరి నుంచి అమ్మాయిలకు ప్రత్యేక ట్రూపులు వచ్చాయి కనుక మా అమ్మాయి వేరే చర్చి చార్టర్‌లోని ట్రూప్‌లో ఉంది. అదే పుస్తకం, అదే యూనిఫాం. అక్కడి నాయకుల్లో ఇద్దరు స్వలింగ దంపతులు, చర్చి ప్రతినిధి దాని గురించి ఒక్క మాటైనా ఎత్తలేదు. మీ ఊళ్లో ట్రూప్ వెతికేవాళ్లు స్కౌట్‌మాస్టర్‌ను కలిసే ముందే చార్టర్ ఎవరిదో అడగండి, ఆ సంస్థ నాయకుల ఎంపికకు పెట్టిన షరతులు రాతపూర్వకంగా ఇవ్వమనండి. ఇవ్వడానికి తటపటాయిస్తే, పక్క ట్రూప్‌ను కూడా చూసి రండి. డాలస్ లాంటి చోట పది నిమిషాల దూరంలో ఇంకొకటి ఉంటుంది. విడిచిపెట్టేంత చెడ్డది కాదని నేను అనుకుంటున్నాను, అందుకే అయిదుకు మూడున్నర ఇస్తున్నాను. మిగిలిన ఒకటిన్నర ఆ మడిచిన దరఖాస్తుకు పోయింది.