లేపు, ఆపు, లేపకు: క్వారీలో ఎనిమిదేళ్ల వాకీటాకీలు

“అన్నా, వాకీటాకీ సెట్టు ఎంత దూరం అందుతుంది?” రామతీర్థం దగ్గర కొత్తగా ఒక క్వారీ బాధ్యత తీసుకున్న కుర్రాడు మొన్న ఫోను చేసి మొట్టమొదట అడిగింది ఇదే. తప్పు పట్టను. 2017లో నేనూ అదే అడిగి, డబ్బా మీద ఐదు కిలోమీటర్లు అని అచ్చేసి ఉన్న సెట్లు ఎనిమిది కొన్నాను. ఆ ఐదు కిలోమీటర్లు మా క్వారీ గుంతలో మూడో బెంచీ, అంటే మెట్టులా కోసిన మూడో అంచె, దాటకుండానే అయిపోయాయి.

చీమకుర్తి చూడని వారికి కాస్త చెప్పాలి. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డు మీద వస్తుంటే ఊరి దగ్గర కనిపించే గుట్టల్లో చాలావరకు గుట్టలు కావు, మేము తవ్వి పోసిన వ్యర్థపు రాయి. నల్లరాతిలో బంగారు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ కోసం ఏటికేడు లోతుకు దిగుతూనే ఉంటాం. ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. కొనేవాళ్లకు అవి అందం, మాకు లోతు. మా గుంత ఇప్పుడు సుమారు 70 మీటర్లు. అడుగున రాయి కోసే వైర్‌సాలు, జాక్‌హామర్లు, తవ్వి ఎత్తే ప్రొక్లెయిన్లు, దారి పొడవునా టిప్పర్లు, అంచు మీద కంప్రెసర్లు, డెర్రిక్ క్రేను. క్రేను ఆపరేటరుకు తాను లేపే బ్లాకు చాలాసార్లు కనిపించదు. కొక్కేనికి ఇరవై టన్నుల రాయి వేలాడుతున్నప్పుడు అతను నమ్ముకునేది కింద నిలబడ్డ సిగ్నల్‌మన్ మాటను. ఆ మాట వచ్చేది సెట్టులోంచి.

మొదటి ఎనిమిది సెట్ల కథ త్వరగా ముగిస్తాను. ఆన్‌లైన్‌లో చవకగా దొరికాయి. లైసెన్సు కావాలా అని అడిగితే అమ్మినవాడు “అందరూ వాడుతున్నారు సార్” అన్నాడు. అందరూ వాడుతున్నారన్నది నిజమే. ఒకరోజు మా ఛానల్లో ఎవరిదో పెళ్లి పందిరి డెకరేషన్ మాటలు వినిపించాయి, కాసేపటికి మా టిప్పరు డ్రైవరు వాళ్లకు జవాబు కూడా చెప్పాడు. సెట్టులో ప్రైవసీ కోడ్ పెట్టుకుంటే ఈ బెడద పోతుందని కొందరు చెబుతారు. పోదు. ఆ కోడ్ ఎదుటివాళ్ల మాటలు మన స్పీకరులోకి రాకుండా ఆపుతుందే గానీ, గాలిలో ఆ ఫ్రీక్వెన్సీని మనకు ఖాళీ చేయదు. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మన మాట నలుగుతూనే ఉంటుంది, ఎందుకు నలుగుతోందో మనకు తెలియదు, అంతే తేడా.

మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోగలిగే వాకీటాకీలకు 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్ అనే చిన్న సందు ఉంది. ఆ సెట్లకైనా టైప్ అప్రూవల్, అంటే ఆ నమూనాకు ప్రభుత్వ ఆమోదం, ఉండాలి. అది దాటితే టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం నుంచి ఫ్రీక్వెన్సీ కేటాయించుకోవాలి. 2025 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ విషయం మీదే ఆన్‌లైన్ అమ్మకపు వేదికలకు నోటీసులు ఇచ్చింది. నేను మేలుకొన్నది అంతకు చాలా ముందు, కాని అది తెలివితో కాదు. గనుల తనిఖీకి ఒక అధికారి వస్తున్నారని తెలిసి సెట్లు బీరువాలో దాచాల్సి వచ్చింది. భద్రత కోసం కొన్న వస్తువును భద్రతా అధికారి నుంచి దాచిన ఆ రోజు సిగ్గేసింది.

తరువాత అర వాటు శక్తి గల లైసెన్సు అక్కరలేని సెట్లు కొన్నాం. పాలిషింగ్ ఫ్యాక్టరీలో అవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి, అక్కడికి అవి చాలు. క్వారీకి మాత్రం చాలలేదు. చివరికి యూహెచ్‌ఎఫ్ అనే ఫ్రీక్వెన్సీ పట్టీలో లైసెన్సు తీసుకుని, నాలుగు వాట్ల డిజిటల్ సెట్లు ఇరవై, ఒక రిపీటరు పెట్టాం. ఒక సెట్టు మాటను అందుకుని మిగతా సెట్లకు తిరిగి పంపేదే రిపీటరు. ఇప్పుడు ఆరో ఏడు నడుస్తోంది. అంతకన్నా తక్కువ ఫ్రీక్వెన్సీ ఉండే వీహెచ్‌ఎఫ్ బయలు ప్రదేశాల్లో ఇంకా దూరం పోతుందని అన్నారు గానీ, ఇనుప క్యాబిన్లలోంచి, రేకుల షెడ్లలోంచి మాట్లాడాల్సిన మాకు యూహెచ్‌ఎఫ్ సరిపోయింది. ఆ తరంగం కిటికీ సందుల్లోంచి తేలిగ్గా దూరుతుంది.

రిపీటరు ఎక్కడ పెట్టాలన్న దాని మీద నెల రోజులు పోగొట్టుకున్నాను. ఆఫీసు గుంత అంచునే ఉంది, కరెంటు కూడా అక్కడే ఉంది కనుక ఆఫీసు మీదే స్తంభం వేయించాను. కిలోమీటరు అవతలి వ్యర్థపు రాతి డంపు మీద ఉన్నవాడి మాట గంటలా వినిపించేది. ఆఫీసుకు సరిగ్గా కింద, గుంత అడుగున ఉన్నవాడి మాట మాత్రం వినిపించేది కాదు. దీపం కింద చీకటి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నిలువుగా కోసిన రాతి గోడ కిందికి తరంగం వంగి దిగదు. స్తంభాన్ని ఎదుటి మూలకు, పని జరగని గోడ మీదికి మార్చాక అడుగంతా దానికి కనిపించింది. కొనేముందు రెండు సెట్లు అద్దెకు తెచ్చుకుని, ఒకదాన్ని అంచు మీద ఒక్కోచోట నిలబెట్టి, రెండోదానితో ప్రతి బెంచీ దిగి చూడండి. మధ్యాహ్నం పనులు జోరుగా ఉన్నప్పుడే చూడండి. ఆదివారం నిశ్శబ్దంలో చూస్తే అన్ని సెట్లూ మంచివే.

ఇక అసలు సంగతి. రిపీటరు బాగా పనిచేస్తున్న రోజుల్లోనే ఒక సాయంత్రం కింద బ్లాకుకు చుట్టిన స్లింగు తాడు సరిగా కూర్చోలేదని సిగ్నల్‌మన్ “లేపకు” అన్నాడు. పైన ఆపరేటరు లేపాడు. బ్లాకు ఒక పక్కకు ఒరిగి మళ్లీ నేల మీద పడింది. దగ్గరున్న మనిషి అప్పటికే తప్పుకున్నాడు కనుక ఈ సమీక్ష ఇలా రాస్తున్నాను. ఆపరేటరును నిలబెట్టి అడిగితే ప్రమాణం చేసి చెప్పాడు, తనకు వినిపించింది “లేప” అని. అతను అబద్ధం చెప్పలేదు. సిగ్నల్‌మన్ తొందరలో మాట పూర్తికాకముందే సెట్టు బటన్ మీంచి బొటనవేలు తీసేశాడు.

మన తెలుగులో వద్దు అన్న అర్థం క్రియకు తోకలో ఉంటుంది. లేపు, లేపకు. దించు, దించకు. బటన్ తొందరగా వదిలితే తెగేది ఆ తోకే. అంటే సెట్టు మింగిన ఒక్క అక్షరంతో వద్దన్నది కాస్తా చేయమన్నది అవుతుంది. తల తెగితే ఇంకా ఘోరం. రిపీటరు ద్వారా మాట్లాడేటప్పుడు బటన్ నొక్కిన క్షణానికి దారి తెరుచుకోదు, చిన్న బీప్ వచ్చాకే మాట్లాడాలి. ఆగకుండా మాట్లాడితే మొదటి అక్షరం పోతుంది. ఆపు, లేపు అన్న రెండు మాటల్లో మొదటి అక్షరం తీసేసి చూడండి. రెండూ “పు”. అంకెలూ అంతే. జాక్‌హామర్ మోతలో మూడు, ఏడు ఒకేలా వినిపిస్తాయి.

ఆ రాత్రి కూర్చుని క్రేను ఛానల్లో వాడకూడని మాటల జాబితా రాశాం. “కు”తో ముగిసే మాట ఏదీ ఉండకూడదు. ఆపమనడానికి ఒకటే మాట, “స్టాప్”, మూడుసార్లు. ఎవరైనా అనవచ్చు, విన్న వెంటనే ఆపరేటరు కారణం అడగకుండా ఆపాలి. అంకెలు త్రీ, సెవెన్ అనే పలకాలి. ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన వాళ్లు అంతకుముందు హిందీలో “ఉఠావ్” (లేపు) అంటే మా ఆపరేటరు ఊహించుకుని పని చేసేవాడట, అది కూడా ఆ రాత్రే బయటపడింది. ఆపరేటరు ఆదేశాన్ని తిరిగి పలికాకే లివరు ముట్టాలి. దీనికి పైసా ఖర్చు కాలేదు. అంతవరకు సెట్ల మీద పెట్టిన లక్షల కన్నా ఇదే ఎక్కువ పనిచేసింది.

అదే వారం క్రేనును రిపీటరు నుంచి తప్పించాం. ఇప్పుడు ఆపరేటరు, సిగ్నల్‌మన్ ఇద్దరికీ విడిగా ఒక ఛానల్ ఉంది. సెట్టు నుంచి సెట్టుకు నేరుగా, పాత అనలాగ్ పద్ధతిలో. డిజిటల్ సెట్లు అమ్మేవాళ్లకు ఈ మాట రుచించదు. డిజిటల్‌లో సుగుణాలు లేవని కాదు. 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్ ఒక్కటి ఉంటే రెండు బృందాలు ఒకేసారి వేర్వేరుగా మాట్లాడుకోవచ్చు, మాకు టిప్పర్లు ఒక వైపు, డ్రిల్లింగ్ ఒక వైపు అలాగే నడుస్తున్నాయి. బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది. కానీ డిజిటల్ సెట్టు మనిషి గొంతును లెక్కగట్టి, కుదించి పంపుతుంది. గొంతుతో సమానంగా కంప్రెసరు మోత కలిసినప్పుడు దానికి ఏది గొంతో తెలియక నీళ్లలో పుక్కిలించినట్టు ఏదో పలుకుతుంది. అనలాగ్‌లో అదే మాట మోత వెనక నుంచి మసకగానైనా అందుతుంది. పైగా సిగ్నల్ తగ్గుతున్నప్పుడు అనలాగ్‌లో బుస్సుమని శబ్దం పెరిగి ముందే చెబుతుంది. డిజిటల్ చివరిదాకా బాగా వినిపించి చటుక్కున మూగబోతుంది.

ఈ మోత సమస్యకు మందు సెట్టులో లేదు, హెడ్‌సెట్‌లో ఉంది. ఫ్యాక్టరీల నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ పరిమితి. డ్రిల్లు పక్కన నిలబడితే అది ఎప్పుడో దాటిపోతుంది కనుక చెవులకు మఫ్‌లు పెట్టుకోక తప్పదు. మఫ్‌లు పెట్టుకుంటే నడుముకున్న సెట్టు వినిపించదు. సెట్టు వినడానికి మా వాళ్లు మఫ్‌లు తీసేవాళ్లు. కొన్నేళ్లకు మా పాత డ్రిల్లరు ఒకాయనకు మనవరాలి మాట వినపడటం మానేసింది. మఫ్‌లోనే స్పీకరు, నోటి ముందుకు వచ్చే కొమ్మ మైకు, ఛాతీ మీద పెద్ద బటన్ ఉన్న హెడ్‌సెట్లు అప్పుడు కొన్నాం. ఒక్కో హెడ్‌సెట్ ధర సెట్టు ధరను మించింది. యజమాని మొదట ఆరింటికే ఒప్పుకున్నాడు. మైకు పెదవికి వేలి మందం దూరంలో ఉండాలి. గడ్డం కిందికి జారిందా, మళ్లీ మోతే. గొంతుకు చుట్టుకునే మైకులు కూడా ఒక వేసవి ప్రయత్నించాం. మాట శుభ్రంగానే వచ్చింది, కానీ మే నెల చెమటకు మెడ మీద పొక్కులు లేచి వారానికల్లా అన్నీ మేకులకు వేలాడాయి.

బ్యాటరీ గురించి కేటలాగులో రాసిన గంటలు నమ్మవద్దు. సమయంలో ఐదు శాతం మాట్లాడటం, ఐదు శాతం వినడం, తొంభై శాతం ఊరకే ఉండటం అన్న లెక్క మీద వేసిన గంటలవి. సిగ్నల్‌మన్ ఊరకే ఉండడు. పన్నెండు గంటలన్న బ్యాటరీ అతని దగ్గర ఏడు గంటలకు మించలేదు. సెట్టుకు రెండు బ్యాటరీలు పెట్టి, వాటి మీద రంగుతో నంబర్లు వేసి, ఛార్జింగ్ స్టాండును రేకుల షెడ్డులోంచి ఏసీ గదిలోకి మార్చాక ఉబ్బిపోవడం తగ్గింది. ఎండాకాలం ఆ రేకుల కింద మనిషే ఉబ్బిపోతాడు, బ్యాటరీ ఎంత. దుమ్ముకు, రాతి పొడి నీళ్లలో కలిసిన స్లర్రీకి ఐపీ67 అని, అంటే దుమ్మూ నీళ్లూ దూరవని, గుర్తున్న సెట్లు నిలబడ్డాయి. అంతకన్నా తక్కువవి రెండేళ్లలో స్పీకరు జల్లెడ పూడి గొణిగాయి. బటన్ మీది రబ్బరు మాత్రం అన్నింటికీ చిరుగుతుంది, కొనేటప్పుడే విడిగా తెప్పించుకోండి.

బటన్ అంటే గుర్తొచ్చింది. ఒక టిప్పరు డ్రైవరు సెట్టు మీద కూర్చుని, తెలియక బటన్ నొక్కుకుని, పక్కవాడితో చీటీ పాట లెక్కలన్నీ మాట్లాడాడు. నాలుగు నిమిషాలు క్వారీ మొత్తం విన్నది, ఎవరికీ మాట్లాడే దారి లేదు. ఆ మర్నాడే అన్ని సెట్లలో ఒకసారికి 45 సెకన్లు దాటితే దానంతట అదే ఆగేలా పెట్టించాను. ఈ అమరిక దాదాపు అన్ని మంచి సెట్లలో ఉంటుంది, అడగకపోతే పెట్టరు.

బ్లాస్టింగ్ రోజు లెక్క వేరు. ఎలక్ట్రిక్ డిటోనేటర్ల తీగలు యాంటెనాలా పనిచేయగలవు. దగ్గర్లో సెట్టు బటన్ నొక్కితే పుట్టే కొద్దిపాటి విద్యుత్తు చాలు, పేలకూడని సమయంలో పేలడానికి. అందుకని మందు నింపే చోటికి వెళ్లేవాళ్లు సెట్లు గేటు దగ్గర అప్పగించి సంతకం పెడతారు. స్విచాఫ్ చేసి జేబులో పెట్టుకోవడం కుదరదు. రోడ్డు కాపలాదారులు దూరం నుంచి మాట్లాడతారు, బ్లాస్టరుకు చివరి సంకేతం జెండాతో, సైరనుతో.

సిమ్ కార్డుతో నడిచే సెట్లు తీసుకోమని ఈ మధ్య చాలామంది వస్తున్నారు. కృష్ణపట్నం, చెన్నై రేవులకు బ్లాకులు తీసుకెళ్లే ట్రెయిలర్లకు అవే ఇచ్చాను, బాగున్నాయి. గుంతలో మాత్రం టవరు అందదు, అందినచోట కూడా మాట ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. క్రేను కింద ఆ క్షణం నాకు వద్దు. పైగా 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు మా దగ్గర ఫోన్లు మూగబోయాయి. ఇన్వర్టరు మీద ఉన్న రిపీటరు మాత్రం రాత్రంతా నడిచింది. గుంతలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో, ఏ పంపు ఆగిందో పంపుల వాళ్లు తెల్లవారేదాకా దాని మీదే చెప్పారు.

రామతీర్థం కుర్రాడు నిన్న కొటేషన్ పంపాడు. పన్నెండు సెట్లు, రిపీటరు, యాంటెనా, రెండేళ్ల వారంటీ. హెడ్‌సెట్లు లేవు, రెండో బ్యాటరీలు లేవు. తిప్పి పంపాను.