కొవ్వాడ అణువిద్యుత్తా, సీలేరు నీళ్లా: సాయంత్రం ఏడు గంటలకు ఏది మేలు?

గత ఏడాది విశాఖ మర్రిపాలెంలోని మా ఇంటి డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పలకలు పెట్టించిన నాటి నుంచి నన్ను అడుగుతున్నవాళ్లందరిదీ ఒకటే ప్రశ్న. ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషిని కాబట్టి పాత విద్యార్థులు కూడా ఫోన్ చేసి మరీ అడుగుతున్నారు: "మాస్టారూ, కొవ్వాడలో అణువిద్యుత్తు అంటున్నారు, పూడిమడకలో హైడ్రోజన్ అంటున్నారు, సీలేరులో నీళ్లను కిందికీ పైకీ తిప్పుతామంటున్నారు, ఇంటి మీద సోలార్ పెట్టుకుంటే సబ్సిడీ ఇస్తున్నారు. ఇంతకీ వీటిలో ఏది మేలు?" ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకంటే ఒకసారి రాసిపెట్టడమే నయమనిపించింది. బొగ్గు మండితే భూమి ఎందుకు వేడెక్కుతుందో తెలిసినవాళ్లే కాబట్టి ఆ పాఠం మళ్లీ చెప్పను. 2024 సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందరి కాలంకంటే 1.55 డిగ్రీలు ఎక్కువని ప్రపంచ వాతావరణ సంస్థ లెక్క తేల్చిందన్న ఒక్క మాట గుర్తుంటే చాలు.

మొదట నా మీటరు సంగతి. పీఎం సూర్యఘర్ పథకం కింద మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ వచ్చింది. ఎండ బాగా కాసిన రోజున పన్నెండు యూనిట్ల దాకా తయారవుతోంది. మబ్బు పట్టిన ఆషాఢ శ్రావణాల్లో అందులో సగం వచ్చినా సంతోషమే. నెట్ మీటరు కాబట్టి పగలు మిగిలినది లైనులోకి పోతుంది, రాత్రి కావలసినది లైనులోంచి వస్తుంది, నెలాఖరుకు రెండింటికీ చెల్లుకు చెల్లు. బిల్లు దాదాపుగా మాయమైంది. అయితే ఒకనాడు సాయంత్రం ఆరున్నరకు ఆరేసిన బట్టలు తీయడానికి డాబా ఎక్కి ఇన్వర్టరు వైపు చూస్తే తెర మీద సున్నా కనిపించింది. కింద నాలుగు ఫ్యాన్లు, ఫ్రిజ్, మనవడి గదిలో ఏసీ నడుస్తున్నాయి. కాగితం మీద ఆ కరెంటు నా సొంత సౌరవిద్యుత్తే. నిజానికి ఆ గంటలో పరవాడ దగ్గరి సింహాద్రి కేంద్రం లాంటి చోట బొగ్గు మండబట్టే మనవడికి చల్లగా నిద్ర పట్టింది.

అందుచేత ఏది చవక, ఏది శుభ్రం అన్న ప్రశ్నలకంటే ముందు, సాయంత్రం ఏడు నుంచి పదకొండు దాకా ఏది కరెంటు ఇస్తుంది, అది ఎన్నేళ్లలో చేతికందుతుంది అన్నదే అసలు ప్రశ్న అని నా అభిప్రాయం. చవకదనం గురించి ఇప్పుడు పెద్ద తగువు లేదు. 2010 నుంచి 2019 వరకు సౌరవిద్యుత్తు ఖర్చు 85 శాతం, పవన విద్యుత్తు ఖర్చు 55 శాతం పడిపోయాయని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ ఆరో నివేదికే చెప్పింది. శుభ్రత విషయంలోనూ అంతే: అదే సంస్థ 2014 నివేదిక ప్రకారం, గనిలో తవ్వకం నుంచి కేంద్రాన్ని మూసేసే దాకా లెక్క కడితే ఒక యూనిట్‌కు బొగ్గు సుమారు 820 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌కు కారణమైతే, ఇంటికప్పు సోలార్ 41, అణువిద్యుత్తు 12 గ్రాములకు కారణమవుతాయి. 820 ముందు 41కీ 12కీ ఉన్న తేడా కోసం కొట్లాడుకోవడం అనవసరం. విశాఖలో ఉండేవాళ్లకు సాయంత్రం మాట ఇంకా బాగా తెలుసు. ఇక్కడి వేసవిలో పగటి ఎండకంటే రాత్రి ఉక్కపోతదే పెద్ద బాధ. గాలిలో తేమకు చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, కాబట్టి సూర్యుడు దిగిన తరువాతే ఏసీలన్నీ ఒక్కసారిగా మొదలవుతాయి.

నిపుణుల మధ్య అసలు తగాదా కూడా ఇక్కడే ఉంది. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మార్క్ జేకబ్‌సన్ బృందం 2015లో, అమెరికా మొత్తం గాలి, నీరు, ఎండలతోనే నడవగలదని ఒక పత్రం ప్రచురిస్తే, రెండేళ్లు తిరగకుండానే 21 మంది శాస్త్రవేత్తలు అదే పత్రికలో దానిని ఖండించారు. వాళ్లెవరూ బొగ్గు పక్షపాతులు కారు; వాళ్ల ప్రధాన అభ్యంతరాలలో ఒకటి, ఎండా గాలీ లేని గంటల కోసం ఆ పత్రం ఊహించుకున్న జలవిద్యుత్తూ నిల్వా నమ్మదగినంత స్థాయిలో లేవన్నదే. వాతావరణ మార్పు గురించి తొలి హెచ్చరికలు చేసినవాళ్లలో ఒకరైన జేమ్స్ హాన్‌సెన్ మరో ముగ్గురు శాస్త్రవేత్తలతో కలిసి 2013లో పర్యావరణవాదులకు బహిరంగ లేఖ రాసి, అణువిద్యుత్తును కాదనవద్దని కోరినదీ ఈ ఆలోచనతోనే.

ఇక కొవ్వాడ. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని ఈ తీరగ్రామం దగ్గర ఒక్కొక్కటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు రియాక్టర్లు పెట్టాలన్నది ప్రతిపాదన. మొత్తం 7,248 మెగావాట్లు, అంటే 2,000 మెగావాట్ల సింహాద్రి లాంటివి మూడున్నరకు పైమాటే. వెస్టింగ్‌హౌస్ వారి ఆ రియాక్టరు పేరు ఏపీ1000. పేరులోని ‘ఏపీ’ మన ఆంధ్రప్రదేశ్ కాదు. బయటి కరెంటు పోయినా పంపుల అవసరం లేకుండా దానంతట అదే చల్లబడే ఏర్పాటున్న రకమని దాని భావం. జపాన్‌లో ఫుకుషిమా అణుప్రమాదం తరువాత ఆ గుణానికి విలువ పెరిగింది, దానిని నేను తక్కువ చేయను. రాత్రీ పగలూ, వానా ఎండా తేడా లేకుండా నడిచే కేంద్రం ఏడు గంటల ప్రశ్నకు నేరుగా సమాధానం చెబుతుంది. కేంద్ర ప్రభుత్వం 2047 నాటికి లక్ష మెగావాట్ల అణువిద్యుత్తు లక్ష్యం పెట్టుకున్నది కూడా ఊరికే కాదు.

నాకు పేచీ వచ్చేది కాలం దగ్గర. ఇదే రకం రియాక్టర్లు అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, వోగల్ అనే చోట కట్టారు. మూడో యూనిట్‌కు 2013లో కాంక్రీటు పోయడం మొదలుపెట్టి, 2016-17 నాటికి కరెంటు వస్తుందనుకుంటే, అది 2023 జులైలోనూ, నాలుగోది 2024 ఏప్రిల్‌లోనూ వాణిజ్య ఉత్పత్తికి వచ్చాయి. మధ్యలో 2017లో వెస్టింగ్‌హౌస్ కంపెనీయే దివాలా పిటిషన్ వేసింది; ఖర్చు రెట్టింపు దాటి 3,000 కోట్ల డాలర్లకు మించింది. అక్కడి పద్ధతులు వేరు, చైనా వేగంగా కట్టింది కదా అని మా పాత విద్యార్థి ఒకడు వాదించాడు. చైనాలోని సాన్‌మెన్‌లోనూ 2009లో మొదలైన మొదటి యూనిట్ 2018లోనే నడిచింది. మన కూడంకుళం మొదటి యూనిట్‌కు 2002 నుంచి 2014 దాకా పట్టింది. కొవ్వాడలో పని ఏ సంవత్సరం మొదలైనా దానికి పదేళ్లు కలుపుకొని చూడండి. ఈలోగా మన సాయంత్రాలు ఎవరు చూస్తారు? ప్రమాదం జరిగితే సరఫరాదారు బాధ్యత ఎంత అన్న ఒక్క అంశం మీదే, 2010 చట్టం వచ్చిన తరువాత, చర్చలు ఏళ్లతరబడి సాగాయి. వీటికి తోడు తీరంలోని మత్స్యకార కుటుంబాల భయాలు ఉన్నాయి. కేంద్ర విద్యుత్ శాఖ మాజీ కార్యదర్శి ఇ.ఎ.ఎస్. శర్మ లాంటి లోపలి వ్యవహారం తెలిసినవారు కూడా ఈ ప్రాజెక్టుపై బహిరంగంగానే అభ్యంతరాలు చెప్పారు.

నా మొగ్గు సీలేరు వైపు, అంటే పగలు మిగిలిన కరెంటుతో నీటిని కొండపైకి తోడి సాయంత్రం కిందికి వదిలే పద్ధతి వైపు, అని పాఠకులకు ఈపాటికే తెలిసి ఉంటుంది. అయితే నీటిలో కరెంటును దాచడమంటే ఎంత కష్టమో ముందు చెప్పకపోతే నేను న్యాయం తప్పినట్టే. మా ఇంటి మీది నీళ్ల ట్యాంకు వెయ్యి లీటర్లది. నేల నుంచి పది మీటర్ల ఎత్తున ఉందనుకుందాం. ఆ నీళ్లన్నీ కిందికి వదిలి, చుక్క శక్తి కూడా వృథా కాకుండా కరెంటు తీసినా వచ్చేది 0.027 యూనిట్లు మాత్రమే. దానితో తొమ్మిది వాట్ల ఎల్‌ఈడీ బల్బు మూడు గంటలు వెలుగుతుంది, అంతే. తరగతిలో ఈ లెక్క చేయించినప్పుడల్లా పిల్లలు నమ్మలేక రెండోసారి చేసేవారు. కాబట్టి ఊరికి సరిపడే నిల్వ కావాలంటే ఎత్తయిన కొండలు, వాటి మధ్య రిజర్వాయర్లు కావాలి. తూర్పు కనుమలు మనకు ఇచ్చినవి సరిగ్గా అవే.

ఎగువ సీలేరులో రాష్ట్ర విద్యుదుత్పత్తి సంస్థ జెన్‌కో తలపెట్టిన పంప్డ్ స్టోరేజీ ప్రాజెక్టు 150 మెగావాట్ల యూనిట్లు తొమ్మిది, మొత్తం 1,350 మెగావాట్లు. పైన గుంటవాడ, కింద డొంకరాయి జలాశయాలు ఇప్పటికే ఉన్నాయి. పగలు సౌరవిద్యుత్తు మిగిలిపోయే వేళ కింది నీటిని పైకి తోడి, సాయంత్రం ఆ నీటినే టర్బైన్ల మీదికి వదులుతారు. నూరు యూనిట్లు పెట్టి తోడితే 75 నుంచి 80 దాకా తిరిగి వస్తాయి. టర్బైన్ నిమిషాల్లో అందుకుంటుంది. బొగ్గు కేంద్రాన్ని చల్లబడ్డ స్థితి నుంచి లేపాలంటే గంటలు పడుతుంది. ఇది మనకు కొత్త విద్య కూడా కాదు, నాగార్జునసాగర్‌లోనూ శ్రీశైలం ఎడమ గట్టునా నీటిని తోడడానికీ కరెంటు తీయడానికీ పనికొచ్చే రివర్సిబుల్ టర్బైన్లు ఎప్పుడో పెట్టారు. మా ముడసర్లోవ రిజర్వాయరు మీద తేలుతున్న రెండు మెగావాట్ల పలకలు, సింహాద్రి రిజర్వాయరు మీది 25 మెగావాట్ల పలకలు, నా డాబా మీది మూడు కిలోవాట్లు, ఇవన్నీ మధ్యాహ్నం చేసే పనిని సాయంత్రానికి చేరవేసే తోడు వీటికి కావాలి. తోడు లేనప్పుడు సోలార్‌ను అణువిద్యుత్తుతో పోల్చడమే అన్యాయం. తోడు ఉన్నప్పుడు మాత్రం సోలారే గెలుస్తుందని నా నమ్మకం.

ఈ మొగ్గులో నాకే ఇబ్బందిగా తోచేది ఒకటుంది. ఉన్న జలాశయాలను వాడుకునే ఎగువ సీలేరు ఒక ఎత్తు, అనంతగిరి, కొయ్యూరు మండలాల కొండల్లో కొత్తగా ప్రతిపాదించిన ప్రాజెక్టులు మరో ఎత్తు. అక్కడి గిరిజనులు తమ పోడు భూములు, ఊటగెడ్డలు పోతాయని ఆందోళన చేస్తున్నారు. గిరిజన భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని సుప్రీంకోర్టు 1997లో చెప్పిన సమత తీర్పు పుట్టిందే ఈ అనంతగిరి మండలం బొర్రా గనుల వివాదం నుంచి. నగరంలో మా ఏసీల కోసం కొండ మీద ఒక ఊరు ఖాళీ చేయమంటే, గ్రామసభ ఒప్పుకోనంతవరకు ఆ కరెంటును శుభ్రమైనదని నేను అనలేను. జాబితాలో ఎన్ని ప్రాజెక్టులున్నా, పాత జలాశయాలున్న చోట ముందు పూర్తి చేయాలి.

సీలేరుకు నిజమైన పోటీ కొవ్వాడ కాదు, బ్యాటరీ. నూటికి 85 పైగా తిరిగి ఇస్తుంది, కొండ అక్కర్లేదు, సబ్‌స్టేషన్ పక్కన షెడ్డు వేసి పెట్టుకోవచ్చు, కట్టడానికి ఏళ్లు పట్టదు. సౌరపలకల లాగే లిథియం బ్యాటరీల ధర కూడా 2010-19 మధ్యనే 85 శాతం పడిపోయింది. రెండు మూడు గంటల లోటుకు బ్యాటరీయే నయం. రాత్రంతా నడవాలన్నా, నలభై ఏళ్లు మన్నాలన్నా నీళ్లే నయం.

పూడిమడక మన ఇళ్లకు కరెంటు ఇస్తుందన్నది చాలామందికి ఉన్న అపోహ. 2025 జనవరి 8న ప్రధాని శంకుస్థాపన చేసిన, నీటిని కరెంటుతో విడగొట్టి హైడ్రోజన్ తీసే ఆ గ్రీన్ హైడ్రోజన్ కేంద్రం రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్ లక్ష్యంగా పెట్టుకుంది. కిలోకు 50 యూనిట్ల పైగా కరెంటు కావాలి కాబట్టి రోజుకు ఏడున్నర కోట్ల యూనిట్లకు తక్కువ కాదు. సింహాద్రి నాలుగు యూనిట్లూ ఇరవైనాలుగు గంటలు పూర్తిగా నడిచినా 4.8 కోట్లే వస్తాయి. అంత పోసి చేసిన హైడ్రోజన్‌ను మళ్లీ కరెంటుగా మారిస్తే మూడో వంతు మిగులుతుంది. అది బల్బు వెలిగించడానికి కాదు; మల్కాపురం రిఫైనరీకి, ఎరువుల అమ్మోనియాకు, ఎప్పుడో ఒకనాడు బొగ్గు నుంచి చేసే కోక్ బదులుగా ఉక్కు కొలిమికి. అక్కడ దానికి సాటి లేదు. ఇంటి కరెంటు పోటీలో దానిని నిలబెట్టడం పొరపాటు.

పవన విద్యుత్తు మంచిదే, కానీ గాలి రాయలసీమది, మనది కాదు. చెత్త నుంచి విద్యుత్తు అనేది చెత్త సమస్యకు జవాబు, విద్యుత్తు సమస్యకు కాదు. పొదుపును మాత్రం అంత తేలికగా దాటవేయలేను. మనుషులకు కావలసింది యూనిట్లు కావు, వెలుగూ చల్లదనమూ అని బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అమూల్య రెడ్డి దశాబ్దాల కిందటే వాదించారు. మా ఇంట్లో 75 వాట్ల పాత ఫ్యాన్లు నాలుగూ తీసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే, ఏడు గంటల వేళ లోడు 180 వాట్లు తగ్గింది. ఆ మేరకు సీలేరు నీళ్లూ అక్కర్లేదు, కొవ్వాడా అక్కర్లేదు.

సోలార్ పెట్టుకోబోయేవారికి ఒక్క హెచ్చరిక. తుఫాను వెళ్లిపోయిన మర్నాడు ఎండ ఫెళ్లున కాస్తుంటే, లైనులో కరెంటు లేక నా ఇన్వర్టరు కూడా ఆగిపోయింది. లైను మీద పనిచేసేవాళ్లకు షాకు కొట్టకుండా లైనుతో కలిపి నడిచే ఆన్‌గ్రిడ్ ఇన్వర్టరు అలా ఆగిపోవడమే నియమం. పాఠం చెప్పినవాణ్నయి ఉండి కూడా, పలకల కింద నిలబడి ఫోన్ ఛార్జింగ్ కోసం పక్కింటి వాళ్ల జనరేటరు అడగవలసి వచ్చింది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తరువాత రోజుల తరబడి చీకట్లో గడిపిన ఊరు ఇది. అందుకని ఐదు యూనిట్ల బ్యాటరీతో, లైను పోయినా నడిచే హైబ్రిడ్ ఇన్వర్టరుకు మారుతున్నాను. దానికి ఫ్రిజ్, ఫ్యాన్లు, వంటింటి లైటు మాత్రమే కలపమని ఎలక్ట్రీషియన్‌కు చెప్పాను. ఏసీ కలపవద్దన్నాను, మనవడు అలిగినా సరే.