పద్నాలుగు నెలలకు వచ్చిన జవాబు: వికీ చర్చలకు చందా, మూడేళ్ళు వాడాక

తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళకు రచ్చబండ (అందరూ కలిసి మాట్లాడుకునే పేజీ) గురించీ, వ్యాసాల పక్కన ఉండే చర్చా పేజీల గురించీ నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నేరుగా విషయానికి వస్తాను. చర్చా పేజీలో శీర్షిక పక్కన చందా చేరమని ఒక చిన్న లింకు కనిపిస్తుంది చూడండి, దాని గురించే ఇదంతా. అది నొక్కితే ఆ చర్చలో కొత్త వ్యాఖ్య వచ్చినప్పుడు మనకు కబురు వస్తుంది. మూడేళ్ళకు పైగా వాడుతున్నాను. వికీలో నాకు ఇంతకంటే ఇష్టమైన సౌకర్యం ఇంకోటి లేదు. ఎందుకో చెప్పాలంటే అది లేని రోజుల సంగతి కొంచెం చెప్పాలి.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు కాస్తా 26 అయ్యాయి. మా చీరాల ప్రకాశం జిల్లా నుంచి బాపట్ల జిల్లాకు వచ్చింది. ఇక చూసుకోండి, ఊరి వ్యాసం, మండలం వ్యాసం, మూసలు, వర్గాలు, పటాలు, అన్నీ మార్చాలి. నా వీక్షణ జాబితాలో, అంటే మార్పులు గమనించడానికి నేను ఎంచుకున్న పేజీల జాబితాలో, అప్పటికి నాలుగు వందల పేజీల దాకా ఉండేవి. తెరిస్తే చాలు, తెర నిండా మార్పులే. ఆ జాబితా మామూలుగా ఒక్కో పేజీకి ఆఖరి మార్పునే చూపిస్తుంది. రచ్చబండలో నేనడిగిన దానికి పొద్దున ఎవరో జవాబిచ్చారనుకోండి, మధ్యాహ్నం ఇంకొకరు వేరే శీర్షిక కింద ఇంకేదో రాశారనుకోండి, సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి చూస్తే నాకు కనిపించేది ఆ రెండోదే. అన్ని మార్పులూ చూపించమని అభిరుచుల్లో (సెట్టింగుల్లో) పెట్టుకోవచ్చు. పెట్టుకున్నాను. జాబితా ఇంకా చాంతాడంత అయింది. పైగా 30 రోజులు దాటిన మార్పులు అందులో కనబడవు. నెలన్నర పాటు వికీ వైపు రాలేకపోతే, ఆ మధ్యలో మొదట్లో జరిగింది జరిగినట్టే తెలియకుండా పోతుంది.

అందుకని ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం పెట్టుకున్నాను. తేదీ, పేజీ పేరు, ఎవరిని ఏం అడిగాను, చివర ఒక గడి. జవాబు వస్తే ఆ గడిలో టిక్కు. ఆదివారం పొద్దున కాఫీ తాగుతూ ఆ పేజీలన్నీ ఒక్కొక్కటిగా తెరిచి చూసేవాణ్ణి. సగం గడులు ఖాళీగానే ఉండేవి. ఒక్కోసారి పావుగంటలో పది పేజీలు తెరిచి, ఎక్కడా ఏమీ రాలేదని తెలుసుకుని మూసేసేవాణ్ణి. ఆ పనిలో ఉండే నీరసం ఇంతా అంతా కాదు.

చందా వచ్చాక చేయాల్సిందల్లా ఆ శీర్షిక పక్కన ఒక్క నొక్కు నొక్కడమే. ఆ శీర్షిక కింద ఎవరు కొత్తగా వ్యాఖ్య రాసినా పేజీ పైన కబుర్లు చూపించే గంట బొమ్మ దగ్గర అంకె మారుతుంది. పేజీలో మిగతా గొడవతో మనకు పనిలేదు. మనం రాసిన ప్రతి చర్చకూ దానంతట అదే చందా పడేలా కూడా పెట్టుకోవచ్చు. ఇక దీనికి నేను ఎందుకింత అభిమానినయ్యానో చెప్తాను.

చీరాల–పేరాల ఉద్యమం మా ఇంట్లో పాఠంగా నేర్చుకున్నది కాదు. చిన్నప్పుడు నాయనమ్మ పక్కన పడుకుని విన్నది. 1919లో రెండు ఊళ్ళనూ కలిపి మునిసిపాలిటీ చేశారు. పన్ను పెరిగింది. 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఇళ్ళు వదిలేసి ఊరి బయట రామ్‌నగర్ అని గుడిసెలు వేసుకుని దాదాపు 11 నెలలు ఉన్నారు. నాయనమ్మ అత్తగారు పసిబిడ్డను ఎత్తుకుని ఆ గుడిసెల్లోకి వెళ్ళిందట. పన్ను 4 వేల రూపాయల నుంచి 40 వేలకు పెరిగిందని అందరూ రాస్తారు. నేను దిద్దుతున్న వికీ వ్యాసంలోని పేరాలోనూ అదే ఉంది, పక్కన మూలం మాత్రం లేదు. 2022 ఆగస్టులో చర్చా పేజీలో అడిగాను: ఈ అంకెలు ఎక్కడివి, ఎవరైనా పుట సంఖ్యతో సహా చెప్పగలరా అని. నెల చూశాను. ఎవరూ పలకలేదు. తర్వాత మా ఇంట్లో ఒక పెళ్ళి, ఆపైన నాకు ట్రాన్స్‌ఫర్. ఆ ప్రశ్న అడిగిన సంగతే మర్చిపోయాను.

2023 అక్టోబరులో ఒక రాత్రి పదిన్నర దాటింది. ఫోన్ పక్కన పెట్టి పడుకుందామనుకుంటుంటే గంట దగ్గర ఒకటి అంకె కనిపించింది. నొక్కాను. నేరుగా ఆ శీర్షిక దగ్గరికే తీసుకెళ్ళింది. "నమస్కారమండీ. మీ ప్రశ్న ఇవాళే చూశాను. ఆలస్యమైనందుకు ఏమీ అనుకోవద్దు. మా తాతగారి పుస్తకాల్లో ఒకదాంట్లో ఈ లెక్క ఉంది." కింద పుస్తకం పేరు, అచ్చయిన సంవత్సరం, పుట సంఖ్య. ఆ పేరా మొత్తం టైపు చేసి పెట్టారు, పాత పుస్తకంలోని అరసున్నలతో సహా. ఆయనెవరో నాకు తెలియదు. అప్పటికి ఆయన ఖాతాలో ఉన్నవి పది దిద్దుబాట్లే. నేను లేచి కూర్చుని, లైటు వేసి, అప్పటికప్పుడే వ్యాసంలో ఆ మూలం చేర్చాను. పొద్దున్నే అమ్మకు చదివి వినిపించాను.

తర్వాత మా ఇద్దరి మధ్య అక్కడే తొమ్మిది జవాబులు నడిచాయి. ఒక్కటీ నాకు తప్పిపోలేదు. నోటుపుస్తకంలో ఆ గడికి టిక్కు పెడదామని తీస్తే, ఆ పేజీ వైపు ఏడాదిగా చూడనే లేదని అర్థమైంది. చందా లేకపోతే ఆ జవాబు ఎప్పటికీ నా కంటపడేది కాదు. పాపం ఆయన టైపు చేసినదంతా అక్కడే పడి ఉండేది.

ఆ ఊపులో తెలిసిన వికీ మిత్రులందరికీ చెప్పాను, ఇక వీక్షణ జాబితా అక్కర్లేదు, చందాలు చాలు అని. నా జాబితాను కూడా నాలుగు వందల నుంచి ముప్ఫైకి తగ్గించేశాను. ఆ మాట ఇప్పుడు కొంత వెనక్కి తీసుకోవాలి.

మా ఊరి పాత గ్రంథాలయం మీద ఒక మొలక (చాలా చిన్న) వ్యాసం రాశాను. దాని చర్చా పేజీలో ఒక చర్చ ఉంది, దానికి చందా కూడా ఉంది. ఒక తోటి వాడుకరి అక్కడికొచ్చి, దీనికి మూలాలు చాలవు, ఊరి వ్యాసంలో విలీనం చేద్దామా, మీరేమంటారు అని నన్నే అడిగారు. మంచి ఉద్దేశంతోనే అడిగారు. కానీ పేజీ మొత్తాన్ని ఎడిటర్లో తెరిచి రాసి, చివర సంతకంగా మారే నాలుగు టిల్డెలు (~~~~) పెట్టడం మర్చిపోయారు. సంతకం లేకపోతే అది కొత్త వ్యాఖ్య అని లెక్కకు రాదు, చందాదారుకు కబురు రాదు. నా వాడుకరి పేరుకు లింకు ఇచ్చి పిలిచినా అంతే. ఆ లింకూ సంతకమూ ఒకే దిద్దుబాటులో ఉంటేనే పిలుపు అందుతుంది. తర్వాత విడిగా వచ్చి సంతకం చేర్చినా ఆ పిలుపు మళ్ళీ వెళ్ళదు.

పది రోజులు చూసి, నేను ఏమీ అనలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని ఆయన విలీనం చేసేశారు. ఆయన వైపు నుంచి చూస్తే న్యాయమే. నాకు మాత్రం నాలుగు రోజులు మనసు బాగాలేదు. ఆ పది రోజుల్లో రోజూ వికీ తెరిచాను, రోజూ గంట వైపు చూశాను, అంకె లేదు కదా అని నిశ్చింతగా ఉన్నాను. ఆ పేజీ వీక్షణ జాబితాలో ఉండి ఉంటే మొదటి రోజే కనిపించేది. దాన్ని తీసేసింది నేనే. పేజీ చరిత్రలో పాత కూర్పు ఉంది కాబట్టి సమాచారం పోలేదు. రెండు పత్రికా కథనాలు వెతికి పెట్టి, ఆయనతో మాట్లాడి వ్యాసాన్ని తిరిగి నిలబెట్టుకున్నాం. జవాబిచ్చే లింకు నొక్కి రాస్తే సంతకం దానంతట అదే పడుతుంది. అప్పటి నుంచి కొత్తవాళ్ళు ఎవరు కనిపించినా ఆ లింకే వాడమని బతిమాలుతున్నాను.

ఇంకో చిన్న సంగతి. ముందే రాసిన వ్యాఖ్యను ఎవరైనా తర్వాత మార్చినా చందా చెప్పదు, కొత్త వ్యాఖ్య వస్తేనే చెబుతుంది. ఒకరు మొదట వద్దన్న చోటే దిద్ది సరే అన్నారు, నాకు వారం తర్వాత తెలిసింది. కామన్స్‌లో (వికీల ఉమ్మడి బొమ్మల భండారం) బొమ్మల గురించి నన్ను పిలిస్తే ఇక్కడి గంటలోనే కనబడటం మాత్రం హాయిగా ఉంది.

ఇప్పుడు నేను చేస్తున్నది ఇది. నేను మొదలుపెట్టిన వ్యాసాలన్నీ, ఒక అరవై దాకా, మళ్ళీ వీక్షణ జాబితాలోకి ఎక్కించాను. ప్రశ్నలూ జవాబులూ నడిచే చోట చందా. నోటుపుస్తకం పక్కన పెట్టేశాను.

నేను రాత్రిపూట గంటసేపు, ఎక్కువగా ఫోన్లోనే, నా ఇరవై ముప్ఫై చర్చల వరకే చూసుకునే మనిషిని. నాలాంటి వాళ్ళకు కళ్ళు మూసుకుని వాడమని చెప్తాను. రోజూ ఇటీవలి మార్పులన్నీ చూసే నిర్వాహకులకు ఇది అంత పెద్ద విషయం అనిపించకపోవచ్చు. ఏ శీర్షిక కింద ఏం నడుస్తోందో వాళ్ళకు ఎలాగూ తెలుస్తుంది. అన్ని చర్చల్లోనూ మాట కలిపే అలవాటుంటే ఆ గంట నస పెట్టొచ్చు కూడా. అలాంటప్పుడు దానంతట అదే చందా పడే ఏర్పాటు తీసేసి, కావాల్సిన వాటికి మాత్రం చేత్తో నొక్కుకోవచ్చు. రామ్‌నగర్ గుడిసెల ఫొటో ఎవరి దగ్గరైనా ఉందా అని నేను అడిగిన చర్చ ఒకటి రెండేళ్ళుగా అలాగే ఉంది. దానికి చందా అలాగే ఉంచాను.