పగోడా 280 ఎస్‌ఎల్: ఇంజను కన్నా రేకు ముఖ్యమైన కారు

1960ల నాటి మెర్సిడెస్-బెంజ్ ఎస్‌ఎల్‌ను, అంటే పైకప్పు ఆకారాన్ని బట్టి అందరూ పగోడా అని పిలిచే రెండు సీట్ల కారును కొనదలచినవారు ఇంజను గురించి అడగవలసిన ప్రశ్నలు నాలుగైదు ఉంటే, రేకు గురించి అడగవలసినవి నలభై ఉంటాయి. స్టుట్‌గార్ట్ పరిసరాల్లో ఉంటూ, 1969లో తయారైన 280 ఎస్‌ఎల్‌ను పదేళ్లకు పైబడి నడుపుతూ వస్తున్న అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ కారును కేవలం పెట్టుబడిగా చూసేవారికి ఇందులో పనికొచ్చే సంగతులు కొన్నే ఉంటాయి. ఎండ కాసిన ఆదివారం పూట పైకప్పు తీసేసి రెండు మూడు వందల కిలోమీటర్లు తిరిగి రావాలనుకునేవారిని దృష్టిలో పెట్టుకుని రాసినది ఇది.

1963 మార్చిలో జెనీవా మోటారు ప్రదర్శనలో 230 ఎస్‌ఎల్‌గా వెలువడిన ఈ కారు, అప్పటిదాకా ఉన్న రెండు కార్ల లోటును, అంటే విలాసంగా తిరగడానికి పనికొచ్చే 190 ఎస్‌ఎల్‌నూ, పందేల నుంచి పుట్టిన 300 ఎస్‌ఎల్‌నూ, తానొక్కటే భర్తీ చేయవలసి వచ్చింది. ఆ రెండింటి మధ్యా కుదిర్చిన రాజీ ఈనాటికీ దీని నడకలో తెలుస్తూనే ఉంటుంది. తర్వాత 250, ఆపై 280 వచ్చాయి. 1971లో ఉత్పత్తి ఆగేనాటికి మూడు రకాలూ కలిపి 48,912 కార్లు తయారైతే, అందులో 23,885 కార్లు 280లే. కాబట్టి ఇది అరుదైన కారేమీ కాదు. అరుదైనది తుప్పు పట్టని పగోడా.

ఆకృతి పాల్ బ్రాక్‌ది. అయితే ఆ విచిత్రమైన పైకప్పు వెనుక ఉన్న ఆలోచన భద్రతా నిపుణుడు బేలా బరేనీది. నడుమ పల్లంగా, రెండు పక్కలా ఎత్తుగా ఉండే ఆ ఆకారం వల్ల పక్క అద్దాలు పొడవుగా వచ్చి, తల వంచకుండా ఎక్కి దిగడానికి వీలు కలిగింది. రేకు మందం పెంచకుండానే కప్పుకు గట్టిదనమూ వచ్చింది. ప్రమాదంలో ముందు భాగమూ వెనుక భాగమూ నలిగిపోయి, మనుషులు కూర్చునే గది మాత్రం నిలబడేలా ఒక స్పోర్ట్స్ కారును కట్టడం కూడా దీనితోనే మొదలైందని చెబుతారు. ఇంత తెలివిగా చేసిన కప్పును ఎత్తి దింపడానికి మాత్రం ఇద్దరు మనుషులు కావాలి. ఒంటరిగా ఉండేవారు షెడ్డు దూలానికి కప్పీ కట్టించుకోవడం తప్పనిసరి ఖర్చుగా లెక్క వేసుకోవాలి.

ఇక నడక సంగతి. 2,778 సీసీల ఆరు సిలిండర్ల ఇంజను 170 హార్స్‌పవర్ ఇస్తుందని, గేర్లు చేత్తో మార్చే కారు గంటకు 200 కిలోమీటర్ల దాకా వెళ్తుందని కాగితం చెబుతుంది. ఆ వేగం కోసం ఈ కారు కొనేవారు నిరుత్సాహపడతారు. నాలుగో గేరులో 120 కిలోమీటర్ల వద్దే ఇంజను నిమిషానికి ఇంచుమించు 4,000 చుట్లు తిరుగుతూ ఉంటుంది. ఐదో గేరు దొరికే కార్లు బహు తక్కువ గనుక ఆటోబాన్ అనే జర్మనీ వేగ రహదారి మీద రెండు గంటలు గడిచేసరికి ఆ హోరు తలలోకి ఎక్కుతుంది. అదే బాడెన్-బాడెన్ నుంచి ఫ్రాయిడెన్‌స్టాట్ వైపు నల్ల అడవుల మీదుగా సాగే కొండదారిలో, మూడో గేరు వేసి వదిలేస్తే చాలు, ఎక్కాలన్నా తగ్గాలన్నా ఇంజను ఎక్కడా మొరాయించదు. వెడల్పైన స్టీరింగ్ చక్రాన్ని రెండు వేళ్లతో తిప్పుతూ చుట్టూ ఉన్న అడవిని చూస్తూ పోవచ్చు. పవర్ స్టీరింగ్ అప్పట్లో అదనపు ధరకు ఇచ్చేవారు. అది లేని కారును నగరంలో ఆపి నిలపడం భుజాలకు మంచి వ్యాయామం.

వెనుక ఇరుసు మాత్రం గౌరవించవలసినది. చక్రాలు ఒకే కీలు మీద ఊగే ఈ పాత తరహా ఇరుసును, కీలును బాగా కిందికి దించి, నడుమ మరో స్ప్రింగు పెట్టి మచ్చిక చేశారు. మామూలు వేగంలో దాని ఉనికే తెలియదు. 1963లో స్పా-సోఫియా-లీయెజ్ ర్యాలీని ఓయిగెన్ బోరింగర్ 230 ఎస్‌ఎల్‌తోనే గెలిచాడంటే ఆ అమరికలో సత్తా ఉన్నట్టే. కానీ తడి రోడ్డు మీద మలుపు మధ్యలో భయపడి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీస్తే వెనుక చక్రాలు లోపలికి ముడుచుకుని తోక జారుతుంది. ఈనాటి కార్లకు అలవాటుపడ్డ కాలికి ఈ ఒక్క విషయం కొత్తగా నేర్పుకోవాలి. వేడి గురించి కూడా ఒక మాట చెప్పాలి. మా బావగారు బెజవాడ నుంచి వచ్చి, ఒక జూలై మధ్యాహ్నం ట్రాఫిక్‌లో నా పక్కన కూర్చుని, “ఇంత డబ్బు పోసి ఏసీ లేని కారు కొన్నావేమిటోయ్?” అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పైగా ఆ సమయానికి నా చూపంతా ఎక్కుతున్న వేడి ముల్లు మీదే ఉంది.

ఇంజనుకు పెట్రోలు అందించేది కార్బ్యురేటర్ కాదు, బాష్ తయారీ యాంత్రిక ఇంజెక్షన్ పంపు. ఆరు సిలిండర్లకు పెట్రోలును నెట్టే ఆరు ప్లంజర్లు (చిన్న ముషలకాలు), డీజిలు లారీ పంపుకు దగ్గరి చుట్టం. దీని పేరు చెప్పి భయపెట్టేవారు చాలామంది ఉన్నారు గాని, నా అనుభవంలో పంపు కన్నా దాని చుట్టూ ఉన్న వాటిని సరిగా పట్టించుకోకపోవడం వల్లనే నూటికి తొంభై వంతుల బాధలు వస్తాయి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలూ గాలీ ఎక్కువగా అందించి, నీరు వేడెక్కే కొద్దీ తగ్గించే చిన్న పరికరం ఒకటి పంపు మీద ఉంటుంది. అది బిగుసుకుపోతే కారు వేడెక్కాక కూడా నల్లటి పొగ వదులుతుంది, పెట్రోలు కంపు కొడుతుంది, ఆయిలు పలచబడుతుంది. అప్పుడు చాలా షెడ్లలో చేసే పని ఆ పరికరం జోలికి పోకుండా పంపు వెనుక ఉన్న మరను తిప్పేయడం. మొదట్లో నా కారును చూసిన ఒక షెడ్డువారు చేసినదీ అదే. ఆ మరను ఇంజను ఆపి ఉన్నప్పుడు మాత్రమే లోపలికి నొక్కి, టక్కుమనే ఒక్కొక్క మెట్టు చొప్పున తిప్పాలి. ఇంజను నడుస్తుండగా ముట్టుకుంటే పంపు లోపలి భాగాలు దెబ్బతింటాయి. సరిచేసే క్రమం ఎప్పుడూ ఒకటే: ముందు వాల్వుల సందులు, తర్వాత ఇగ్నిషన్, తర్వాత యాక్సిలరేటర్ నుంచి పంపు దాకా ఉన్న కడ్డీల పొడవులు, అన్నీ కుదిరాక చివరికి పంపు. ఈ వరస తెలిసిన వృద్ధ మెకానిక్ ఒకాయన దొరికాక నా కారు మళ్లీ అలాంటి పేచీ పెట్టలేదు. వంద కిలోమీటర్లకు పన్నెండు నుంచి పదిహేను లీటర్లు తాగుతుంది, అది దాని నైజం. 82 లీటర్ల ట్యాంకు ఉంది కనుక దారిలో బంకుల కోసం వెతుక్కునే పని ఉండదు.

ఇప్పుడు అసలు విషయమైన రేకుకు వస్తాను. ఈ కారుకు విడి చాసీ లేదు. పెద్ద సెడాన్ నేలను కుదించి, దాని మీదే శరీరాన్ని వెల్డింగ్ చేశారు. అంటే తుప్పు తింటున్నది అలంకారాన్ని కాదు, కారు వెన్నెముకనే. తలుపుల కింద పొడవునా సాగే పెట్టె దూలాలు, ముందు సస్పెన్షన్‌ను మోసే పొడవాటి దూలాలు, సీట్ల కింది నేల, డిక్కీలో అదనపు చక్రం కూర్చునే గుంట, హెడ్‌లైట్ల వెనుక గిన్నెల వంటి భాగాలు, వీటన్నిటిలోనూ నీరూ చలికాలపు రోడ్డు ఉప్పూ చేరి లోపలి నుంచి తింటాయి. పైన మాత్రం రంగు అద్దంలా మెరుస్తూ ఉంటుంది. అందువల్ల లిఫ్టు మీదికి ఎక్కించి కింద నుంచి చూడకుండా ధర మాట ఎత్తకూడదు.

అయస్కాంతం తెచ్చుకునేవారికి ముందే ఒక సంగతి చెప్పాలి. బానెట్టు, డిక్కీ మూత, తలుపుల పై రేకు, బట్ట టాపును దాచే మూత అల్యూమినియంతో చేసినవి. అక్కడ అయస్కాంతం పట్టలేదని లప్పం పూశారేమో అని హడలిపోనక్కర్లేదు. మిగతా చోట్ల, ముఖ్యంగా చక్రాల వంపుల అంచుల్లోనూ తలుపుల కిందా పట్టకపోతే మాత్రం అది లప్పమే. నాకు అన్నిటికన్నా నమ్మకమైన పరీక్ష బానెట్టు ఎత్తితే కనిపిస్తుంది. ముందు చక్రాలను కప్పే రెక్కలు లోపలి రేకుకు కలిసే అంచు వెంబడి ఫ్యాక్టరీ వారు వేసిన స్పాట్ వెల్డింగుల గుండ్రటి చిన్న పల్లాలు సమాన దూరాల్లో వరుసగా ఉండాలి. ఆ అంచు నున్నగా ఉందంటే రెక్క మార్చారు, ఎప్పుడో కారు ముందు నుంచి గుద్దుకుంది. రెండు వైపులా వేలితో తడిమి చూస్తే కళ్లకు కనిపించనిది కూడా తెలిసిపోతుంది. ఆ తర్వాత బానెట్టు మీద, గట్టి పైకప్పు మీద, బట్ట టాపు మూత మీద కొట్టిన అంకెలు ఒకదానితో ఒకటి సరిపోతున్నాయా అని చూడాలి. ఇంజను సంఖ్యను, రంగు కోడ్‌ను, పుట్టినప్పుడు అమర్చిన అదనపు సామగ్రిని ఫ్యాక్టరీ డేటా కార్డుతో, అంటే కారు తయారైనప్పటి వివరాల పత్రంతో పోల్చుకోవాలి. సేకరణదారులు ఇంజను సంఖ్య సరిపోయిందా లేదా అన్న దానికే ఎక్కువ విలువ కడతారు. నా దృష్టిలో పై మూడు చోట్ల అంకెలు సరిపోవడమే పెద్ద సంగతి, ఎందుకంటే ఇంజను చెడితే విప్పి బాగు చేయించుకోవచ్చు, నలిగి అతుకులు పడ్డ శరీరాన్ని మళ్లీ మొదటిలా కుదర్చడానికి అయ్యే ఖర్చుతో ఇంకో కారే కొనవచ్చు.

పోషణ విషయంలో ఇది అడిగేది డబ్బు కన్నా క్రమం. ముందు చక్రాల కీళ్లకు గ్రీజు ఎక్కించడానికి ఉన్న చిన్న మొనలన్నిటికీ కొన్ని వేల కిలోమీటర్లకొకసారి గ్రీజు పట్టించాలి. ఒక్కటి మరచినా ఆ కీలు అరిగి స్టీరింగ్ వదులవుతుంది. నడపకుండా నిలబెడితే బ్రేకులు పట్టుకుపోతాయి, ట్యాంకులో పెట్రోలు చెడి పంపు ప్లంజర్లకు జిగురు పడుతుంది. విడిభాగాలకు మాత్రం ఇంత వయసున్న కారుకు ఉండవలసినంత కరవు లేదు. స్టుట్‌గార్ట్ పక్కనే ఉన్న ఫెల్‌బాఖ్‌లో కంపెనీ 1993 నుంచి పాత కార్ల కేంద్రాన్ని నడుపుతోంది. రబ్బరు ముక్క దగ్గర నుంచి ముందు రెక్క దాకా చాలావరకు ఈనాటికీ దొరుకుతాయి, ధరలు వింటే మాత్రం గుండె గుభేలుమంటుంది. జర్మనీలో ముప్ఫై ఏళ్లు దాటి, మొదటి రూపంలోనే ఉన్న కారుకు హెచ్ గుర్తున్న నంబరు ప్లేటు ఇస్తారు. దానితో ఏడాది పన్ను దాదాపు 192 యూరోలకే సరిపోతుంది. 2017 నుంచి అదే ప్లేటును ఏడాదిలో కొన్ని నెలలకే తీసుకునే వీలు కూడా వచ్చింది. ఉప్పు చల్లే నెలల్లో నా కారు షెడ్డు దాటదు కనుక నాకు ఆ ఏర్పాటు బాగా కలిసివచ్చింది.

మూడింటిలో ఏది కొనాలన్న ప్రశ్నకు సంతలో జవాబు 280 అనే వస్తుంది, ధరా దానికే ఎక్కువ. 230 ఇంజను క్రాంక్ షాఫ్టుకు నాలుగు ప్రధాన బేరింగులే ఉంటాయి, వెనుక బ్రేకులు డ్రమ్ములు. 250 నుంచి ఏడు బేరింగులు, నాలుగు చక్రాలకూ డిస్కులు వచ్చాయి. 280 తక్కువ చుట్లలో కూడా బాగా లాగుతుంది కనుక నగరంలో నడిపేవారికి, ఆటోమేటిక్ కావాలనుకునేవారికి అదే తగినది. 230 ఇంజను మాత్రం పైచుట్లకు మరింత ఉత్సాహంగా ఎక్కుతుంది, కొండదారుల్లో నాకు ఆ గుణమే ఎక్కువ నచ్చుతుంది. ఒకే ధరకు తుప్పు లేని 230, అతుకులు పడ్డ 280 ఎదురుగా ఉంటే రెండో ఆలోచన లేకుండా 230నే తీసుకుంటాను. ఆ రెండింటి మధ్య ధరలో నిలిచే 250, తక్కువ సంఖ్యలో తయారవడం వల్ల అమ్మకానికి రావడమే తక్కువ, కానీ శుభ్రమైనది తటస్థిస్తే డిస్కు బ్రేకుల కోసమైనా దాన్ని వదులుకోనవసరం లేదు.