డీఎస్‌ఎస్‌టీ ‘సబ్‌స్టాన్స్ అబ్యూజ్’ పరీక్ష: పాసై, ఆ రంగంలో పనిలో చేరాక నా సమీక్ష

అమెరికాలో డిగ్రీ చదువుతూ వ్యసన చికిత్స కౌన్సెలింగ్ వైపు రావాలనుకునే తెలుగువాళ్లు నన్ను తరచుగా అడిగే పరీక్ష ఇది. క్లాసులో కూర్చోకుండా, పరీక్ష రాసి మూడు క్రెడిట్లు తెచ్చుకునే దారి. నేను ఇది పాసై, ఆ క్రెడిట్లు సైకాలజీ డిగ్రీలో వాడుకుని, ఇప్పుడు టెక్సస్‌లో ఒక చికిత్సా కేంద్రంలో కౌన్సెలర్ ఇంటర్న్‌గా పనిచేస్తున్నాను. కాబట్టి అప్పుడు చదివింది ఇప్పుడు ఏ మేరకు పనికొస్తోందో కూడా చెప్పగలను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మత్తుపదార్థాలు ఒంట్లో ఏం చేస్తాయో ఈ పరీక్ష చాలా బాగా నేర్పుతుంది. వాటికి బానిసైన మనిషితో ఎలా మాట్లాడాలో మాత్రం దాదాపు ఏమీ నేర్పదు.

డీఎస్‌ఎస్‌టీ మొదట్లో అమెరికా సైనికుల చదువు కోసం పెట్టిన పరీక్షల వరుస. ఇప్పుడు ఎవరైనా రాయొచ్చు, నిర్వహించేది ప్రోమెట్రిక్ అనే సంస్థ. సుమారు వంద మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, రెండు గంటల సమయం. 400 స్కోరు వస్తే పాస్. అమెరికన్ కౌన్సిల్ ఆన్ ఎడ్యుకేషన్ దీనికి మూడు సెమిస్టర్ క్రెడిట్లు సిఫారసు చేస్తుంది, అదీ అప్పర్ లెవెల్‌లో, అంటే డిగ్రీ చివరి రెండేళ్ల స్థాయిలో. ఇదే దీని అసలు విలువ. ఇలాంటి పరీక్షలతో వచ్చే క్రెడిట్లు ఎక్కువగా లోయర్ లెవెల్ కిందే పోతాయి, అప్పర్ లెవెల్ క్రెడిట్లు దొరకడం కష్టం. ఇలాంటిదే ఇంకో పరీక్షల వరుస క్లెప్‌లో అయితే ఈ సబ్జెక్టే లేదు. ఫీజు వంద డాలర్ల ప్రాంతంలో ఉంటుంది, పరీక్ష కేంద్రం ఫీజు వేరే. ఏ కాలేజీ కోర్సు ఫీజుతో పోల్చినా ఇది చాలా తక్కువ.

సిలబస్ పేరు చూసి సామాజిక సమస్యల గురించి వ్యాసాల్లాంటివి ఉంటాయనుకుంటారు చాలామంది. నిజానికి ఇందులో పెద్ద భాగం ఫార్మకాలజీ. ఆల్కహాల్, నిద్రమాత్రలు, పీల్చే రసాయనాలు, నికోటిన్, ఉత్తేజకాలు, ఓపియాయిడ్లు (హెరాయిన్, మార్ఫిన్ లాంటివి), గంజాయి, భ్రాంతి కలిగించే పదార్థాలు, చివరికి మానసిక రోగాలకిచ్చే మందులు కూడా. ప్రతిదీ మెదడులో ఏ రిసెప్టర్ (మందు వెళ్లి అతుక్కునే చోటు) మీద పనిచేస్తుంది, ఒంట్లో ఎంతసేపుంటుంది, ఆపేస్తే ఏమవుతుంది అన్నది తెలిసుండాలి. డోపమైన్, గాబా, న్యూక్లియస్ అకంబెన్స్ లాంటి పేర్లు మొదట్లో టెన్షన్ పెడతాయి. అయినా ఈ భాగాన్ని బట్టీ పట్టి వదిలేయకండి. నాకు రోజూ పనికొస్తున్నది ఇదే.

ఉదాహరణకు, ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషిని ఇంట్లోవాళ్లు గదిలో కూర్చోబెట్టి ఒక్కసారిగా మాన్పించాలని చూస్తారు. అది ప్రాణాల మీదకి రావొచ్చు. ఆపిన మొదటి రెండు మూడు రోజుల్లో ఫిట్స్, డెలీరియం ట్రెమెన్స్ (వణుకు, భ్రాంతులతో మతి తప్పే స్థితి) వచ్చే ప్రమాదం ఉంటుంది. ఆల్కహాల్‌నీ, బెంజోడయాజిపైన్లనీ (ఆందోళనకీ నిద్రకీ ఇచ్చే మాత్రలు) ఒక్కసారిగా ఆపడం హెరాయిన్ ఆపడం కన్నా ప్రమాదకరమని వింటే చాలామంది నమ్మరు. పరీక్షలో ఇది ఒక మార్కు ప్రశ్న, బయట ఒక కుటుంబాన్ని వెంటనే డాక్టర్ దగ్గరికి పంపే మాట. ఇంకొక ప్రశ్న దాదాపు ప్రతి కుటుంబమూ అడుగుతుంది: “మెథడోన్ కూడా మత్తే కదా, ఒకటి మాన్పించి ఇంకొకటి అలవాటు చేస్తున్నారా?” ఓపియాయిడ్ వ్యసనానికి ఇచ్చే మందుల్లో మెథడోన్ పూర్తి అగోనిస్ట్ (రిసెప్టర్‌ని పూర్తిగా పనిచేయించేది), బ్యూప్రెనార్ఫిన్ పాక్షిక అగోనిస్ట్, నాల్ట్రెక్సోన్ రిసెప్టర్‌ని మూసేసే అంటాగోనిస్ట్. ఈ మూడింటి తేడా నాకు స్పష్టంగా తెలుసు కాబట్టి వాళ్లకు మామూలు మాటల్లో వివరించగలుగుతున్నాను.

కొలతల దగ్గర మనవాళ్లు కాస్త జాగ్రత్తగా ఉండాలి. అమెరికా లెక్కలో ఒక స్టాండర్డ్ డ్రింక్ అంటే 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. 40 శాతం విస్కీలో అది సుమారు 44 ఎంఎల్. మన లార్జ్ పెగ్గు 60 ఎంఎల్, మన దేశంలో అమ్మే విస్కీ సాధారణంగా 42.8 శాతం. అంటే మన లార్జ్ ఒక్కటి ఇక్కడి లెక్కలో ఒకటిన్నర డ్రింక్‌కి దగ్గర. ఒక డ్రింక్‌ని కాలేయం కరిగించడానికి సుమారు గంట పడుతుంది, కాఫీ తాగినా చన్నీళ్లు పోసుకున్నా ఆ వేగం పెరగదు. “రెండే తాగాను” అన్న మాటని నేనిప్పుడు ఈ లెక్కతోనే వింటాను.

చరిత్ర భాగం చిన్నదే. నల్లమందు, కొకైన్‌లని అదుపు చేసిన 1914 హారిసన్ చట్టం, 1920లో అమలైన మద్యనిషేధం, 1933లో దాని రద్దు, 1935లో తాగుడు మానాలనుకునేవాళ్ల పరస్పర సహాయ సంఘం ఆల్కహాలిక్స్ అనానిమస్ పుట్టుక, 1970 కంట్రోల్డ్ సబ్‌స్టాన్సెస్ చట్టం మత్తుపదార్థాలని విభజించిన ఐదు షెడ్యూళ్లు. ఇవి వస్తే చాలు. నెల్లూరు జిల్లావాళ్లం కాబట్టి ఈ పాఠం నన్ను ఎక్కువసేపు ఆపింది. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణాల మీద తిరగబడటం, 1995లో మన రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం, రెండేళ్లకే దాన్ని ఎత్తేయడం మా ఇళ్లల్లో ఇప్పటికీ చెప్పుకునే విషయాలు. చట్టం దుకాణాన్ని మూయించాక కూడా తాగేవాడికి చికిత్స కావాలన్నది రెండు దేశాల చరిత్రలోనూ నాకు కనిపించింది.

మెటీరియల్ విషయానికొస్తే, డబ్బు పెట్టి కొన్న ఒక ఫ్లాష్‌కార్డుల యాప్ నన్ను బాగా నిరాశపరిచింది. 2013లో వచ్చిన డీఎస్‌ఎమ్-5 (మానసిక రుగ్మతల నిర్ధారణకి అమెరికాలో వాడే పుస్తకం) పాత ‘అబ్యూజ్’, ‘డిపెండెన్స్’ విభాగాలని కలిపేసి, 11 లక్షణాలతో ఒకే రుగ్మతగా చూస్తోంది. రెండు మూడు ఉంటే స్వల్పం, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరు, అంతకన్నా ఎక్కువుంటే తీవ్రం. ఆ యాప్‌లో ఇదేమీ లేదు. రెండు పద్ధతులూ చదువుకోవడం మంచిది. డీఎస్‌ఎస్‌టీ సైట్‌లో ఉచితంగా దొరికే ఫ్యాక్ట్ షీట్‌ని ముందు పెట్టుకుని, లైబ్రరీలో దొరికిన ఒక కాలేజీ పాఠ్యపుస్తకం, మత్తుపదార్థాల మీద పరిశోధన చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ నైడా సైట్‌లోని వ్యాసాలు చదివితే నాకు సరిపోయింది.

కౌన్సెలింగ్ కోసం మాత్రం విడిగా చదవాలి. వ్యసన చికిత్స, మానసిక ఆరోగ్యం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ సామ్‌సా ఉచితంగా ఇచ్చే చికిత్స మార్గదర్శక పుస్తకం టిప్ 35 తప్పకుండా చదవమంటాను. మార్పుకి ఇంకా సిద్ధంగా లేని మనిషితో గొడవపడకుండా ఎలా మాట్లాడాలో అది చెబుతుంది. ఓపియాయిడ్ చికిత్స మందుల మీద టిప్ 63 కూడా బాగుంటుంది. నా దగ్గరికి వచ్చే తెలుగు కుటుంబాలు పరువు పోతుందని ఏళ్ల తరబడి దాచి, పరిస్థితి చేయి దాటాక వస్తాయి. వాళ్లతో మొదటి పది నిమిషాలు ఎలా మాట్లాడాలన్నది ఈ పరీక్ష సిలబస్‌లో లేదు.

ఈ మూడు క్రెడిట్లతో ఎవరూ కౌన్సెలర్ అయిపోరు. టెక్సస్‌లో ఎల్‌సీడీసీ (వ్యసన చికిత్స కౌన్సెలర్) లైసెన్సుకి డిగ్రీతో పాటు పర్యవేక్షణలో 4,000 గంటల పని, రాష్ట్ర లైసెన్సు పరీక్ష ఉంటాయి. హెచ్4 వీసా మీదున్న అక్కచెల్లెళ్లు చదువు వరకు నిరభ్యంతరంగా చదవొచ్చు, ఆ గంటలు మొదలుపెట్టే ముందు మాత్రం పని అనుమతి సంగతి లాయర్‌ని అడగండి. ఎఫ్1 విద్యార్థి వీసా మీదున్నవాళ్లకు పరీక్షతో వచ్చిన క్రెడిట్లు ఆ సెమిస్టర్ ఫుల్‌టైమ్ లెక్కలోకి రావు.

రిజిస్టర్ చేసుకునే ముందే మీ కాలేజీ అడ్వైజర్‌కి ఈమెయిల్ పెట్టి, ఈ క్రెడిట్లు మేజర్ కింద తీసుకుంటారా, ఎలెక్టివ్ కిందేనా అని రాతపూర్వకంగా తెలుసుకోండి. కాలేజీకో రూలు. కొన్ని అసలు తీసుకోవు. థామస్ ఎడిసన్ స్టేట్ యూనివర్సిటీ, ఎక్సెల్సియర్ లాంటివి తీసుకుంటాయి. సాధారణంగా ఈ స్కోరు జీపీఏలో కలవదు, క్రెడిట్‌గా మాత్రమే నమోదవుతుంది. పాస్ కాకపోతే మళ్లీ రాయడానికి 30 రోజులు ఆగాలి, కాబట్టి గ్రాడ్యుయేషన్ గడువు దగ్గర పడకముందే తేదీ పెట్టుకోండి.